అమెరికా, చైనా, రష్యా, మధ్యలో సిక్కోలు: జనం నన్ను అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో పోటీ పరీక్షల పిల్లలకు కరెంట్ అఫైర్స్ చెప్పడం నా పని. మా ఊరు సోంపేట దగ్గర. ఆదివారం ఊరికెళ్తే పిల్లల కంటే పెద్దవాళ్లే ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు, అదీ సిలబస్‌లో లేనివి. టీ కొట్టు దగ్గర ఒకాయన, రొయ్యల చెరువు గట్టు మీద ఇంకొకాయన, పెళ్లి భోజనాల్లో పక్క విస్తరి ముందు కూర్చున్న మరొకాయన. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా. వరసగా చదవాలని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

అగ్రరాజ్యం అని ఎవర్ని అంటారు? సైన్యం పెద్దగా ఉంటే సరిపోతుందా?

సరిపోదు. మన ఊళ్లలో ఒకప్పుడు మోతుబరి అంటే ఎవరు? పొలం ఉండాలి, నలుగురికి అప్పిచ్చే స్తోమత ఉండాలి, కర్ర పట్టే మనుషులుండాలి, అన్నిటికీ మించి ఊరి చెరువు మదుము (తూము) ఆయన చేతిలో ఉండాలి. ఎవరి పొలానికి నీళ్లు ఎప్పుడు వదలాలో ఆయన చెప్పాలి. దేశాల సంగతీ అంతే. అమెరికా 2024లో సైన్యం మీద దాదాపు లక్ష కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది, చైనా ఖర్చు అందులో మూడోవంతు చుట్టుపక్కల ఉంటుందని అంచనా. కానీ అమెరికా అసలు బలం డాలరు. ప్రపంచంలోని సెంట్రల్ బ్యాంకులు దాచుకున్న విదేశీ నిల్వల్లో సగానికి పైగా డాలర్లే. 2022లో రష్యా ఉక్రెయిన్ మీదకి వెళ్లినప్పుడు రష్యా సెంట్రల్ బ్యాంకు బయట దాచుకున్న దాదాపు 30 వేల కోట్ల డాలర్ల విలువైన సొమ్మును అమెరికా, యూరప్ కలిసి కదలకుండా ఆపేశాయి. మదుము మూసేయడం అంటే అదే.

రష్యా సంగతి వేరు. ఆర్థికంగా చూస్తే మనకంటే చిన్నది. అయినా లోకంలోని అణ్వాయుధాల్లో దాదాపు 90 శాతం అమెరికా, రష్యాల దగ్గరే ఉన్నాయి కాబట్టి దాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోలేరు.

ఈ "మదుము ఎవరి చేతిలో ఉంది" అన్న ప్రశ్న గుర్తుపెట్టుకోండి, కింద చాలా చోట్ల పనికొస్తుంది.

బలం అమెరికా చేతుల్లోంచి చైనాకి వెళ్లిపోయిందా?

వెళ్లిపోలేదు, జరుగుతోంది. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ విడిపోయాక ఒక పదిహేనేళ్లు అమెరికాకి ఎదురు లేదు. చైనా 1978 నుంచే తలుపులు తెరిచింది, 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది, 2010లో జపాన్‌ని దాటి రెండో పెద్ద ఆర్థిక వ్యవస్థ అయింది. 2024లో అమెరికా ఉత్పత్తి సుమారు 29 లక్షల కోట్ల డాలర్లయితే చైనాది 18, 19 దగ్గర ఉంది. డబ్బు లెక్క అది. సరుకు లెక్క వేస్తే కథ తిరగబడుతుంది: ప్రపంచంలో ఫ్యాక్టరీల్లో తయారయ్యేదాని విలువలో దాదాపు 30 శాతం చైనాదే. కొత్త ఓడల్లో సగానికి పైగా చైనా యార్డుల్లోనే తయారవుతున్నాయి, అమెరికా యార్డుల వాటా ఒక్క శాతం కూడా లేదు. మన సోంపేట, కవిటి కుర్రాళ్లు ఎక్కే ఓడ ఎక్కడ కట్టారో ఒకసారి అడిగి చూడండి.

అలాగని చైనా అంతా బాగుందని కాదు. అక్కడ జనాభా 2022 నుంచి తగ్గడం మొదలైంది, 2021 నుంచి రియల్ ఎస్టేట్ కుదేలైంది. ఫలానా సంవత్సరానికి చైనా నంబర్ వన్ అయిపోతుందని లెక్కలు కట్టి చెప్పేవాళ్లని నేను పెద్దగా నమ్మను. 1980ల్లో జపాన్ గురించీ ఇలాగే చెప్పారు, గుర్తుంది.

ఇది పాత కోల్డ్ వార్ మళ్లీ వచ్చినట్టే కదా?

చాలామంది అలాగే అంటారు, కానీ పెద్ద తేడా ఒకటుంది. అప్పట్లో అమెరికా, సోవియట్ యూనియన్ల మధ్య వ్యాపారం అంతంతమాత్రమే, ఎవరి వీధి వాళ్లది. అమెరికా, చైనాలది ఉమ్మడి గోడ ఉన్న ఇళ్ల గొడవ. గోడ కూలగొడితే రెండు ఇళ్లూ పడతాయి. 2025 ఏప్రిల్‌లో ఏం జరిగిందో చూశారుగా, చైనా సరుకు మీద అమెరికా సుంకం 145 శాతానికి తీసుకెళ్లింది, చైనా 125 శాతంతో బదులిచ్చింది, అదేదో వేలంపాట అన్నట్టు. నెల తిరగ్గానే మే నెలలో జెనీవాలో కూర్చుని 30కి, 10కి దించుకున్నారు.

"ఏటి బావూ, అమెరికావోడు మా రొయ్య మీద ఏల పన్నేసినాడు?"

ఇది నన్ను అడిగింది మాకు మావయ్య వరసయ్యే ఆయన, 2025 ఆగస్టులో, పోలాకి వైపు ఆయన చెరువు గట్టు మీద. చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూస్తున్నాడు. రొయ్య బాగుంది, ఇంకో పది రోజుల్లో పట్టుబడి. ఏరేటర్ల చప్పుడులో ఫోన్‌లో ఏజెంటు చెప్పేది సరిగ్గా వినపడక "మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు" అంటున్నాడు. వినపడ్డాక ఫోన్ జేబులో పెట్టుకుని నావైపు తిరిగి అడిగిన ప్రశ్న అది.

జవాబు రెండు ముక్కలు. మొదటిది, మన రొయ్యకి అతి పెద్ద కొనుగోలుదారు అమెరికా, దేశంలో రొయ్య ఎక్కువ పండించేది మన రాష్ట్రం. ఆగస్టు 7 నుంచి మన సరుకు మీద 25 శాతం సుంకం పడింది. ఇది చాలా దేశాల మీద వేసిన పన్నుల్లో భాగం. రెండోది, ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం. మనం రష్యా దగ్గర ఆయిల్ కొంటున్నందుకు వేసిన జరిమానా అది. మొత్తం 50. రొయ్య మీద అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేవి) లాంటి సుంకాలు దీనికి అదనం. ఈలోగా ఈక్వెడార్ రొయ్యకి పడింది 15 శాతమే, అదీ అమెరికాకి మనకంటే దగ్గర.

అంటే ఉక్రెయిన్‌లో యుద్ధం, రష్యాని దారికి తేవాలని అమెరికా ప్రయత్నం, ఆ ఆయిల్ శుద్ధి చేసేది ఎక్కడో గుజరాత్ రిఫైనరీలో, దానికి జరిమానా కట్టింది మాత్రం పోలాకి చెరువులో వెనామీ రొయ్య. ఇదంతా చెప్పాక మావయ్య కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నానెప్పుడూ ఆయిల్ కొనలేదు కదరా" అన్నాడు.

ఆ తర్వాత సుంకాల లెక్కలు మారుతూ వచ్చాయి. ఈ వారం ఎంత ఉందో ఎగుమతిదారుని అడిగే పట్టుబడి పెట్టుకోండి, నేను రాసింది నమ్ముకుని కాదు. ఒక్కటి మాత్రం చెప్పగలను: ఒకే దేశానికి అమ్ముకునే పంట పెట్టినప్పుడు ఆ దేశం ఎన్నికలు, యుద్ధాలు, అలకలు అన్నీ మీ పెట్టుబడిలో ఖర్చు కింద రాసుకోవాల్సిందే.

రష్యా ఆయిల్ మనకంటే ఎక్కువ చైనాయే కొంటోంది కదా, దానికి ఆ జరిమానా ఎందుకు వేయలేదు?

మంచి ప్రశ్న. క్లాసులో ఇది అడిగింది గార మండలం నుంచి వచ్చే అమ్మాయి, జవాబు ఆమె ఊరి ఒడ్డునే ఉంది.

2025 ఏప్రిల్ 4న చైనా ఏడు రకాల రేర్ ఎర్త్ లోహాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. కార్ల మోటార్లలో, క్షిపణుల్లో, గాలిమరల్లో వాడే గట్టి అయస్కాంతాలకి ఇవి కావాలి. ప్రపంచంలో ఈ లోహాలని శుద్ధి చేసే పనిలో దాదాపు 90 శాతం చైనాలోనే జరుగుతుంది. కొన్ని వారాల్లోనే అమెరికాలోను, యూరప్‌లోను, మన దేశంలోను కార్ల కంపెనీలు అయస్కాంతాల్లేవని గోల పెట్టాయి. అదీ చైనా చేతిలోని మదుము. జరిమానా వేయాలంటే ముందు దాని గురించి ఆలోచించాలి. మన చేతిలో అలాంటిది లేదు కాబట్టి మన మీద వేయడం తేలికైంది. నా మాట కటువుగా ఉందనిపించొచ్చు, కానీ ఇందులో న్యాయం, స్నేహం లాంటివి వెతికితే దొరకవు.

గార అమ్మాయి ఊరి ఒడ్డున ఉన్నదేంటంటే నల్ల ఇసుక. భీమిలి నుంచి భావనపాడు దాకా మన తీరం ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్‌తో పాటు మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది. ఆ మోనజైట్‌లోనే రేర్ ఎర్త్‌లు, థోరియం ఉంటాయి. థోరియం అణు ఇంధనానికి సంబంధించింది కావడంతో దీన్ని ప్రైవేటు వాళ్లకి వదలరు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలో ఛత్రపూర్ దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ ఎప్పటినుంచో ఈ ఇసుక మీద పనిచేస్తోంది. అయినా ఇసుక ఉండటం వేరు, అందులోంచి లోహం తీసి, వేరు చేసి, అయస్కాంతం చేయడం వేరు. చైనా ఆ పని మీద ముప్పై నలభై ఏళ్లు కూర్చుంది. మనం ఇసుక దగ్గరే ఉన్నాం. తవ్వితే తీరం కోసుకుపోతుందన్న మత్స్యకారుల భయమూ ఉత్తది కాదు. ఇది రెండు మాటల్లో తేలేది కాదులెండి.

రష్యా ఆయిల్ చవగ్గా వచ్చింది కదా, మరి బంకులో రేటు ఎందుకు తగ్గలేదు?

2022కి ముందు మనం కొనే ముడి చమురులో రష్యా వాటా రెండు శాతం కూడా లేదు, తర్వాత మూడోవంతు దాటింది. మనకి కావలసిన చమురులో 85 శాతానికి పైగా దిగుమతే. తగ్గింపు డబ్బు కొంత రిఫైనరీలకి మిగిలింది, కొంత ఓడ కిరాయి, బీమాల్లో పోయింది, మన దాకా రావాల్సింది కేంద్రం ఎక్సైజ్, రాష్ట్రం వ్యాట్ దగ్గర ఆగిపోయింది. ఇచ్ఛాపురంలో ఉండి ఒడిశా బంకుకెళ్లి ట్యాంకు నింపుకునేవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. రష్యా అదే, ఆయిల్ అదే, కిలోమీటరు దూరంలో రేటు మారిపోతుంది.

అయితే ఆ ఆయిల్ మనం కొనకుండా అందరం గల్ఫ్ మీదే పడి ఉంటే రేటు ఇంకా పెరిగి ఉండేదన్న వాదన ఉంది, అందులో నిజం ఉందనే నా అభిప్రాయం. తగ్గకపోవడం కనిపిస్తుంది, పెరగకపోవడం ఎవరికీ కనిపించదు.

చైనా సరుకు కొనడం మానేస్తే దారికి రాదా?

2020 జూన్ 15న గల్వాన్‌లో మన సైనికులు 20 మంది చనిపోయినప్పుడు మా వీధిలో కూడా పాత చైనా టీవీ ఒకటి పగలగొట్టారు. ఆ నెలాఖరుకి ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లని నిషేధించింది. మరి వ్యాపారం? 2024-25లో చైనాతో మన వాణిజ్య లోటు 9,900 కోట్ల డాలర్లు దాటింది. గల్వాన్ నాటికంటే బాగా పెరిగింది.

ఎందుకో తెలియాలంటే పైడిభీమవరం వెళ్లండి. అక్కడ మందుల ఫ్యాక్టరీల్లో మన జిల్లా వాళ్లు, విజయనగరం వాళ్లు వేలమంది పనిచేస్తున్నారు. ప్రపంచానికి మాత్రలు మనమే ఇస్తున్నామని చెప్పుకుంటాం, అది నిజమే, కానీ మన దేశం దిగుమతి చేసుకునే, మాత్రలకి ముడిసరుకైన బల్క్ డ్రగ్స్‌లో సుమారు 70 శాతం చైనా నుంచే వస్తాయి. టీవీ పగలగొట్టొచ్చు, జ్వరం మాత్ర పగలగొట్టలేం. మానేయాలంటే ముందు ఆ ముడిసరుకు ఇక్కడే తయారవ్వాలి. దానికి ఏళ్లు పడుతుంది, కాలుష్యమూ ఉంటుంది. ఆ కాలుష్యం ఎవరి ఊరి వాగులో కలవాలన్నది ఇంకో తగాదా.

మా వాడు ఓడ మీద ఉన్నాడు, ఎర్ర సముద్రం వైపు వెళ్తున్నాడట. భయపడాలా?

ఇది అడగని ఇల్లు మా మండలంలో తక్కువ. మా పిన్ని కొడుకు ఓడలో ఉన్నాడు. ఆవిడకి ఫోన్‌లో ఒక యాప్ పెట్టిచ్చాడు, అందులో వాడి ఓడ ఒక చుక్క. పొద్దున్న పొయ్యి వెలిగించే ముందు ఆ చుక్క చూసుకుంటుంది. 2024లో ఒకరోజు చుక్క మాయమైంది. నాకు ఫోన్ చేసింది, మాటలు రావడం లేదు. నిజానికి ఏమీ కాలేదు, ఆ దారిలో హౌతీల (యెమెన్ తిరుగుబాటుదారుల) దాడులకి జంకి చాలా ఓడలు తాము ఎక్కడున్నామో తెలిపే పరికరాన్ని ఆపేసి వెళ్లేవి. రెండు రోజుల తర్వాత చుక్క మళ్లీ కనిపించింది. ఆ రెండు రోజులు మాత్రం పిన్ని ముద్ద దిగలేదు.

నేపథ్యం క్లుప్తంగా. 2023 నవంబరు 19న యెమెన్‌లోని హౌతీలు గెలాక్సీ లీడర్ అనే ఓడని పట్టుకున్నారు, సిబ్బందిని ఏడాదికి పైగా ఉంచేసుకుని 2025 జనవరిలో వదిలారు. గాజా యుద్ధానికి ప్రతీకారం అన్నారు. వాళ్ల వెనక ఇరాన్, ఎదురుగా అమెరికా నౌకాదళం. పెద్ద ఓడల కంపెనీలు సూయజ్ కాలువ వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి, పది రోజులకి పైగా అదనపు ప్రయాణం. 2024 ఏప్రిల్ 13న హోర్ముజ్ దగ్గర ఇరాన్ పట్టుకున్న ఎంఎస్‌సీ ఏరిస్ ఓడలో 17 మంది భారతీయులున్నారు, వాళ్లు క్షేమంగానే వచ్చారు.

మీ వాడు చేయాల్సినవి చెబుతా. ఎక్కే ముందు ఏజెంటుకి ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు (ఓడల మీదకి మనుషుల్ని పంపేందుకు ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఉందో లేదో డీజీ షిప్పింగ్ (కేంద్ర నౌకాయాన విభాగం) వెబ్‌సైట్‌లో చూడాలి. సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం) ఒక్కటి ఉంటే చాలని నమ్మించేవాడు మోసగాడే. కాంట్రాక్టులో అంతర్జాతీయ యూనియన్ ఒప్పందం ఉందా అని అడగాలి. ఉంటే, యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన చోటికి రానని చెప్పే హక్కు అతనికి ఉంటుంది, వెళ్తే ఆ రోజులకి అదనపు జీతం ఉంటుంది. లేని ఓడలే ఎక్కువ ప్రమాదం, మన వైపు పిల్లలు ఏజెంటుకి లక్షలు పోసి ఎక్కేది సరిగ్గా అలాంటి పాత ఓడలే. నాకు తెలిసిన ఒక కుర్రాడు జీతం రాక, దిగే దారి లేక ఏడు నెలలు లంగరు వేసిన ఓడలోనే ఉండిపోయాడు. వాణ్ని ఏ దేశమూ పట్టుకోలేదు, యజమాని వదిలేశాడంతే.

వేట పడవలవాళ్లదీ ఇదే బాధ. మన మత్స్యకారులు గుజరాత్ వెరావల్ వెళ్లి కూలికి వేటాడతారు. 2018 నవంబరులో పాకిస్తాన్‌కి పట్టుబడిన మన జిల్లాల వాళ్లు 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. సముద్రం మీద గీత కనపడదు, రెండు దేశాల సంబంధాలు ఎలా ఉంటే జైలు అంత పొడుగు.

కొవ్వాడలో అనుకున్న అణు విద్యుత్ కేంద్రానికీ ఈ అగ్రరాజ్యాల గొడవకీ సంబంధం ఏంటి?

చాలా ఉంది. 2008లో అమెరికాతో అణు ఒప్పందం కుదిరింది, అందుకోసం అప్పట్లో ఢిల్లీలో ప్రభుత్వమే పడిపోయేంత పని జరిగింది. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం మీద సంతకం పెట్టని మనకి అమెరికా మినహాయింపు ఎందుకిచ్చింది? చైనాకి ఎదురుగా ఆసియాలో ఒక బరువు కావాలి, తన కంపెనీలకి బేరం కావాలి. ఆ బేరంలో ఒక ముక్క రణస్థలం మండలం కొవ్వాడలో పడింది. మొదట ఒక అమెరికా కంపెనీ అనుకున్నారు, తర్వాత గుజరాత్‌లో అనుకున్న వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లని ఇటు మార్చారు. ఒక్కోటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు. 2017లో ఆ వెస్టింగ్‌హౌసే దివాలా పిటిషన్ పెట్టింది. 2010 నాటి మన చట్టం ప్రకారం ప్రమాదం జరిగితే పరికరాలిచ్చిన కంపెనీ మీదకీ వెళ్లే వీలుండేది, భోపాల్ చూసిన దేశం కదా, ఆ షరతు అమెరికా కంపెనీలకి మింగుడు పడలేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసి ఆ పాత చట్టాన్ని పక్కన పెట్టింది.

కొవ్వాడ వైపు వాళ్లకి ఇదంతా ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. 2011లో ఫుకుషిమా టీవీలో చూశారు. ఊరు ఖాళీ చేయాలన్నారు, పరిహారం అన్నారు, ఏళ్లు గడిచాయి. ఇంటికి కొత్త గది వేయాలా వద్దా, పిల్ల పెళ్లికి ఇల్లు చూపించాలా వద్దా అన్న సంగతి వాషింగ్టన్, ఢిల్లీల మధ్య ఫైలు కదలడం మీద ఆధారపడింది. తమిళనాడులో కూడంకుళం సంగతి చూస్తే, దానికి ఒప్పందం 1988లో సోవియట్ యూనియన్‌తో కుదిరింది, సంతకం పెట్టిన దేశమే మధ్యలో మాయమైంది, చివరికి 2013లో కరెంటు ఇచ్చింది రష్యా. అక్కడ రష్యా, ఇక్కడ అమెరికా. మన దేశం బుట్టలో గుడ్లు ఎలా సర్దుకుంటుందో ఈ రెండు ఊళ్లే చెబుతాయి.

తైవాన్ మన జిల్లాలంత కూడా ఉండదు కదా, దాని కోసం ఇంత గొడవేంటి?

మన శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల కంటే పెద్దదే లెండి. ప్రపంచంలో అత్యంత అధునాతన చిప్‌లలో దాదాపు 90 శాతం అక్కడ తయారవుతాయి. చైనా అది తన భాగమంటుంది. అలాంటి చిప్‌లు చైనా చేతికి వెళ్లకుండా 2022 అక్టోబరులో అమెరికా గట్టి ఆంక్షలు పెట్టింది. ఇటు చిప్‌లు, అటు రేర్ ఎర్త్‌లు. ఎవరి మదుము వాళ్లు బిగించుకుని కూర్చున్నారు.

ఇంతకీ మనం ఎవరి పక్షం?

కాగితం మీద అందరి పక్షమూ. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో క్వాడ్‌లో ఉన్నాం. రష్యా, చైనాలతో బ్రిక్స్‌లో ఉన్నాం, షాంఘై సహకార సంస్థలోనూ 2017 నుంచి ఉన్నాం. 2018లో రష్యా దగ్గర ఎస్-400 గగనతల రక్షణ క్షిపణులకి ఒప్పందం చేసుకున్నాం, అమెరికా దగ్గర విమానాలు కొన్నాం. బయటివాళ్లకి ఇది గోడ మీద పిల్లి వాటంలా కనిపిస్తుంది.

కానీ 1971 గుర్తు చేసుకోండి. నెహ్రూ కాలం నుంచి ఏ పక్షమూ కాదన్న దేశం ఆ ఏడాది ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. పెద్ద కారణం, జూలైలో అమెరికా అధ్యక్షుడి సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా బీజింగ్ వెళ్లడం. ఆ ముగ్గురూ ఒకటైతే మన పరిస్థితి ఏంటి? డిసెంబరులో అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చినప్పుడు ఆ ఒప్పందం విలువ తెలిసింది. అంటే ఏ పక్షమూ కాదన్నది వ్రతం కాదు, అవసరమైతే వదులుకునే అలవాటు.

ఇలా ఊగిసలాడే బదులు బలమైనవాడి వెనక నిలబడితే మంచిది కదా?

దీనికి జవాబు మన విజయనగరం జిల్లా ఎప్పుడో రాసి పెట్టింది. బొబ్బిలి యుద్ధం అందరికీ తెలుసు, కానీ దాన్ని వీరగాథగానే వింటాం. పక్కన ప్రపంచ పటం పెట్టుకుని వినండి.

1753లో నిజాం ఉత్తర సర్కారుల్ని ఫ్రెంచివాళ్లకి రాసిచ్చాడు. 1756లో యూరప్‌లో ఏడేళ్ల యుద్ధం మొదలైంది, ఒక పక్క ఫ్రాన్స్, ఒక పక్క ఇంగ్లండ్, అప్పటి అగ్రరాజ్యాలు అవే. ఇక్కడ విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజుకి బొబ్బిలి రంగారావుతో పగ, అందులో నీళ్ల తగాదా కూడా ఉండేదని చెబుతారు, మదుము అన్నది ఊరికే వచ్చిన మాట కాదు. ఆయన లెక్క ఏంటంటే ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో తన పగ తీర్చుకోవడం. బుస్సీ లెక్క కప్పం, దారి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది, లోపల ఆడవాళ్లు, పిల్లలతో సహా పోయారు. కొన్ని రోజులైనా గడవకుండానే తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజుని పొడిచి చంపాడు.

అసలు సంగతి ఆ తర్వాతే ఉంది, జనం ఇక్కడే వినడం ఆపేస్తారు. గద్దెనెక్కిన ఆనందరాజుకి ఫ్రెంచివాళ్లతో పొసగలేదు. బలమైనవాణ్ని మారుద్దామనుకుని బెంగాల్లో ఉన్న ఇంగ్లీషువాళ్లని పిలిచాడు. క్లైవ్ కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు, 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేన ఓడింది, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం పోయింది. విజయనగరం గెలిచిన పక్షంలోనే ఉందన్నమాట, సరిగ్గా మీరు చెప్పినట్టే చేసింది. ఫలితం? 1794 జూలై 10న పద్మనాభం దగ్గర అదే ఇంగ్లీషు కంపెనీ సైన్యం బాకీల పేరుతో వచ్చి చిన విజయరామరాజుని చంపింది. పిలిచిన 36 ఏళ్లకి.

బుస్సీని వెంట తెచ్చుకున్న విజయరామరాజుని తెలివితక్కువవాడని నేననను. మన పగ తీర్చుకోవడానికి పెద్దవాణ్ని వాడుకుంటున్నామని మనకి అనిపిస్తుంది. వాడికి మన పగతో పనిలేదు, మన ఊరు వాడి దారిలో ఉంది, అంతే. ఈ రోజుకీ దక్షిణాసియాలో చిన్న దేశాలు మన మీద కోపంతో చైనా వైపు, చైనా మీద భయంతో మన వైపు ఊగుతుంటాయి. శ్రీలంక హంబన్‌తోట ఓడరేవుని 2017లో 99 ఏళ్ల లీజుకి చైనా కంపెనీకి ఇచ్చింది. మనం వాళ్లని చూసి జాలిపడతాం. బుస్సీ మనల్ని చూసి ఏమనుకుని ఉంటాడో.

ఐక్యరాజ్యసమితి ఏం చేస్తోంది?

భద్రతామండలిలో అయిదుగురికి వీటో ఉంది: అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్. గొడవపడేది వాళ్లే అయినప్పుడు పంచాయితీ ఎవరు చేస్తారు? తిండి, మందులు, శరణార్థుల పనుల్లో మాత్రం దానికి ఇంకా విలువ ఉంది.

బ్రిక్స్ నోటు వచ్చి డాలర్ పోతుందట, బంగారం కొనమంటారా?

అలాంటి నోటేదీ లేదు. వాట్సాప్‌లో తిరిగే ఆ రంగురంగుల నోటు చెలామణీలో ఉన్న కరెన్సీ కాదు. చైనా కరెన్సీ రాజ్యమేలడం మనకి ఇష్టం లేదు, మన రూపాయలు ఎక్కువ పోగేసుకోవడం రష్యాకి ఇష్టం లేదు, ఇంక ఉమ్మడి నోటు ఎక్కడిది? సెంట్రల్ బ్యాంకులు బంగారం ఎక్కువగా కొంటున్న మాట నిజమే. మీరు కొనాలా వద్దా అన్నది ఇంట్లో పెళ్లి ఎప్పుడన్న దాన్నిబట్టి చూసుకోండి.

మూడో ప్రపంచ యుద్ధం వస్తే పక్కనే విశాఖ ఉంది కదా, మన పరిస్థితి?

విశాఖలో తూర్పు నౌకాదళం ఉంది, మొదటి అణు జలాంతర్గామి అరిహంత్‌ని 2009లో అక్కడే నీళ్లలోకి దించారు. కాబట్టి ఏ దేశం పటంలోనైనా ఆ చుక్క ఉంటుంది, దాచేదేం లేదు. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ ఒడ్డుకి దగ్గరలోనే మునిగిపోయింది. ఆ రోజుల్లో కిటికీలకి నల్ల కాగితాలు అంటించిన సంగతి మా నాన్న ఇప్పటికీ చెబుతాడు.

అయినా అణ్వాయుధాలున్న పెద్ద దేశాలు నేరుగా తలపడటానికి జంకుతాయి, ఇప్పటిదాకా జరిగింది అదే. వాటి కొట్లాట ఎప్పుడూ మూడోవాడి పెరట్లో: కొరియా, వియత్నాం, అఫ్గానిస్తాన్, ఉక్రెయిన్. ఆంబోతుల కొట్లాటలో లేగల కాళ్లు విరిగినట్టు. రాత్రి పదకొండుకి టీవీలో సైరన్ మోగించి యుద్ధం మొదలైందని అరిచే వాణ్ని చూసి నిద్ర పాడుచేసుకోకండి.

పిల్లాణ్ని మెడిసిన్‌కి బయటికి పంపుదామనుకుంటున్నాం. ఏ దేశం మంచిది?

నేను కన్సల్టెన్సీ కాదు. కానీ ఫీజు, ర్యాంకుతో పాటు ఇంకోటి చూడండి: ఆ దేశం పక్కన ఎవరున్నారు, వాళ్లిద్దరికీ పడుతుందా. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో మన పిల్లలు వేలల్లో ఇరుక్కున్నారు, ఆపరేషన్ గంగ పేరుతో విమానాల్లో సుమారు 18 వేల మందిని తెచ్చారు. రావడం వచ్చారు, చదువు మధ్యలో ఆగింది. చీపురుపల్లి దగ్గర నాకు తెలిసిన ఒకబ్బాయి మూడో ఏడాది పుస్తకాల్ని అట్టపెట్టెలో కట్టి అటక మీద పెట్టాడు, తర్వాత జార్జియా వెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు. అమెరికా ఉద్యోగం మీద ఆశతో అప్పు చేసేవాళ్లు కూడా 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుము ఒక్క సంతకంతో ఎలా వచ్చిందో గుర్తుంచుకోండి. రష్యాలో సెక్యూరిటీ గార్డు ఉద్యోగం, హెల్పర్ ఉద్యోగం అని ఎవరైనా చెబితే అసలు వద్దు, అలా వెళ్లిన మనవాళ్లు కొందరు యుద్ధం ముందు వరసలో తేలారు.

ఎక్కడికి పంపినా, దిగిన మొదటి వారంలోనే మన రాయబార కార్యాలయంలో పేరు, ఫోన్ నంబరు నమోదు చేయించమనండి. పాస్‌పోర్టు ఒరిజినల్ ఎవరికీ తాకట్టు పెట్టొద్దనండి. నకలు ఒకటి ఇంట్లో, బియ్యం డబ్బాలో కాదు, దొరికే చోట పెట్టండి. చీపురుపల్లి అబ్బాయిది ఆ రోజు బియ్యం డబ్బాలోనే ఉంది, వాళ్లమ్మకి గుర్తురాక సగం రోజు పోయింది.